మా గిరి పళ్లు

జూన్ 12, 1995

అక్క కొడుకు దిగాడు. ఒక రేకు పెట్టె, ఒక చేతిసంచీ, నోటినిండా పచ్చ పళ్లు.

పాపం అనాలి. అంటున్నాను. మర్రిగూడ ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగిన పిల్లలందరి పళ్లూ అంతే, పసుపు మీద గోధుమరంగు గీతలు. మా ఉప్పలమ్మక్కను ఇచ్చింది ఆ ఊరికే. నన్నిచ్చింది మిర్యాలగూడకు. ఇక్కడ నల్లా తిప్పితే సాగర్ కాలువ నీళ్లు. పెళ్లయిన నాటి నుంచీ అక్క మీద జాలిపడటం నాకు అలవాటైపోయింది. నిజం రాసుకోవాలంటే, అది నాకు బాగానే ఉంటుంది కూడా.

బావ కూడా వచ్చాడు. లక్ష్మీనర్సయ్య బావకు నిండా నలభై లేవు, అప్పుడే మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరుగుతాడు. మగ్గం మీద ఎలా కూర్చుంటున్నాడో ఏమో. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లే, వీని పండ్లు ఎట్లనో పోయినయి. కాళ్లన్న సక్కగ నిలవాలె. జర నీ తాన ఉంచుకో. మంచినీళ్లు తాగుతడు, గిరితోని బడికి పోతడు."

సరే అన్నాను. కాదంటే పుట్టింటి వాళ్లు నన్నేమంటారు? మా గిరికీ, ఈ సైదులుకూ ఒకటే ఈడు, ఇద్దరూ ఆరో తరగతి. పక్కపక్కన నిలబెట్టి చూశాను. మావాడు నవ్వితే ఇల్లంతా వెలుగు. సైదులు నవ్వేటప్పుడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

జూన్ 15

స్పేర్ పార్ట్స్ దుకాణం వాళ్లు మా ఆయనకిచ్చిన డైరీ ఇది. ఆయన దీంట్లో ఏమీ రాయడు. నేను పది చదివి ఏం లాభం అనుకుని నేనే రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ దీని మొహం చూడరు.

సైదులుకు వెనక గదిలో చాప వేశాను. అది మామగారి మగ్గం గది. ఆయన పోయాక మగ్గం అమ్మేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టే గుంత మీద చెక్కలు పరిచాం. ముందు గది మా ఆయన స్కూటర్ల షెడ్డు, నడుమ మేం పడుకునే గది, వంటిల్లు. గిరి మా దగ్గరే పడుకుంటాడు. గుంత మీద పడుకోబెట్టానని అక్కకు తెలిస్తే ఏమనుకుంటుందో. అనుకోనీ.

జూన్ 20

నీళ్లు ఎన్నడూ చూడనట్టు తాగుతాడు. చెంబు మీద చెంబు. మధ్యాహ్నానికి బిందె ఖాళీ.

జూన్ 30

ఈరోజు నాకు ఒళ్లు మండింది.

పొద్దున ఒకాయన స్కూటరు తెచ్చాడు. ఎంత తన్నినా లేవదు. మా ఆయన కార్బొరేటర్ విప్పబోతుంటే సైదులు వెనక నిలబడి, "చిన్నాయినా, ప్లగ్గు తడిసినట్టుంది, వాసనొస్తాంది" అన్నాడట. విప్పితే నిజమే. అప్పటి నుంచి మా ఆయన ఆగడం లేదు.

"గీ పిలగానికి చెయ్యి ఉందే రాజమణీ! నెల గూడ కాలే, సామాన్ల పేర్లన్నీ నోటికొచ్చినయి. మనోడు పుట్టిన కాంచి గీ షెడ్డులనే ఉన్నడు, పానా నెంబరు అడిగితె దిక్కులు జూస్తడు."

పక్కనే గిరి ఉన్నాడు. వింటున్నాడు. నాకు చాయ్ గ్లాసు ఆయన మీదికి విసరాలనిపించింది. కన్నకొడుకు ముందర ఎవరైనా అలా అంటారా?

జూలై 3

ఆయనతో చెప్పేశాను. "సైదులును షెడ్డుల రానియ్యకు. మా అక్క సదువుకొమ్మని తోలింది, గ్రీజు పూసుకొమ్మని కాదు. రేపు వాడు ఫేలైతె నన్నంటది."

"రెండు నిమిషాలు నిలవడితె ఫేలైతడా?" అన్నాడు.

"నీ పని నేర్సుకోవాల్సింది నీ కొడుకు. వాన్ని కూసోవెట్టుకో."

ఆయన తల గోక్కుంటూ షెడ్డులోకి పోయాడు. సైదులును పిలిచి చెప్పాను, షెడ్డు గడప దాటొద్దని. "మంచిది చిన్నమ్మా" అని మగ్గం గదిలోకి పోయి పుస్తకం తీశాడు. మొహం మాత్రం చిన్నబోయింది. వాడి చదువు కోసమే చెప్పాను. నాకు కుళ్లు లేదు.

జూలై 19

గిరి ఇప్పుడు రోజూ బడి నుంచి రాగానే షెడ్డులో కూర్చుంటున్నాడు. పళ్లెంలో పెట్రోలు పోసి సామాన్లు కడుగుతాడు. నారింజ రంగు పెట్రోలు, చూడటానికి షర్బత్‌లా ఉంటుంది. ఆ వాసనంటే వాడికి చిన్నప్పటి నుంచీ ఇష్టం. నేను కడుపుతో ఉన్నప్పుడు నాక్కూడా ఇష్టంగా ఉండేది.

ప్లగ్గు నోటితో ఊది శుభ్రం చేయడం వచ్చింది. ఇంజను హెడ్డు విప్పితే లోపల పట్టిన బూడిదను రంపం ముక్కతో గీకడం వచ్చింది. మూసుకుపోయిన సైలెన్సర్లో పెట్రోలు పోసి అంటించి, చల్లారాక దులపడం వచ్చింది. సన్నటి బూడిద లేచి జుట్టు మీద పడితే చిన్న ముసలాయనలా కనిపించాడు. నవ్వొచ్చింది. పళ్లొక్కటే తెల్లగా మెరిశాయి.

ఆయనకు చూపించాను. "చూసినవా, నా కొడుక్కు ఎందుకు రాదు?" అన్నాను. బాగానే గీకిండు అన్నాడు. చెయ్యి ఉంది అని మాత్రం అనలేదు.

ఆగస్టు 2

సైదులుకు ఒక నియమం పెట్టాను. వంటింట్లోకి రావాలంటే ముందు పెరట్లో సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మోచేతుల దాకా. ఆ పళ్లు చూస్తుంటే వాడి ఒళ్లంతా శుభ్రంగా లేనట్టే ఉంటుంది నాకు. రోజూ రెండు చేతులూ చాపి చూపిస్తాడు, నేను సరే అన్నాకే పీట మీద కూర్చుంటాడు.

గిరికి అలాంటివేమీ లేవు. పని చేసి అలిసిపోతాడు, ఇంకా లేచి లోపలికి రావడం ఎందుకని సర్వపిండి, గుడాలు, ఏది చేసినా షెడ్డుకే తీసుకెళ్లి చేతిలో పెడతాను. సైదులు కన్నా ముందు వాడికి. వేడివేడిగా.

ఆగస్టు 3

నాకు కుళ్లు లేదు. ఎవరి కొడుకు వాళ్లకు ముద్దు.

సెప్టెంబర్ 27

మూడు నెలల పరీక్షల మార్కులు ఇచ్చారు. క్లాసులో సైదులు ఫస్టు. లెక్కల సారు రామచంద్రయ్య షెడ్డు ముందర సైకిలు ఆపి మరీ చెప్పాడు. "సీతారాములూ, మీ ఇంట్ల ఆణిముత్యం ఉంది" అని. మా ఆయన మీసం తిప్పాడు, వాడేదో ఆయనకే పుట్టినట్టు.

గిరి మూడింటిలో తప్పాడు. ఎక్కాలు తొమ్మిదోది దాకా చిన్నప్పుడే నేర్పించాను. ఈరోజు అడిగితే ఏడోదే మధ్యలో ఆపి నా మొహం చూస్తున్నాడు. ఒక్కటి వేశాను. వెంటనే పలక తీసి గోడకేసి కొట్టాడు. వాడికి ఇంత కోపం ఎప్పుడు వచ్చింది?

బళ్లో పక్కన కూర్చునేవాడి చదువంతా సైదులే లాక్కుంటున్నాడని అనిపిస్తుంది. అలా ఉండదని తెలుసు. అయినా అనిపిస్తుంది.

సెప్టెంబర్ 29

అక్కకు ఉత్తరం రాయాలి, సైదులు ఫస్టు వచ్చాడని. కార్డు లేదు. రేపు చూద్దాం.

అక్టోబర్ 15

కార్డు ఇంకా తేలేదు.

అక్టోబర్ 22

గిరికి కడుపునొప్పి. రెండు రోజులకోసారి కూడా దొడ్డికి పోవడం లేదు. ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే నులిపురుగుల మందు ఇచ్చాడు. తిండి ముందర పెడితే ముద్ద అటూ ఇటూ నెట్టి లేస్తాడు. ఒళ్లు పాలిపోయింది. తలనొప్పి అని బడి ఎగ్గొడతాడు, షెడ్డుకు మాత్రం పోతాడు.

ఇది దిష్టి. ఇంట్లో ఒక పిల్లవాడు తింటూ పెరుగుతూ ఉంటే రెండోవాడు ఎందుకు తగ్గిపోతాడు? ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టే. సైదులు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. నేను తిప్పుతున్నది ఎవరి దిష్టో వాడికి అర్థమైనట్టుంది. మెల్లగా మగ్గం గదిలోకి వెళ్లిపోయాడు.

నవంబర్ 8

చాయ్ ఇస్తే ఆయన చెయ్యి వణికి సాసర్లో ఒలికింది. ఈమధ్య రోజూ ఇంతే. "వయసే" అంటాడు. ముప్పై ఎనిమిదేళ్లకు ఏం వయసో.

పేపర్లో పెట్రోలు సంగతి ఏదో పడింది. ఢిల్లీ లాంటి నాలుగు పెద్ద పట్నాల్లో సీసం లేని పెట్రోలు అమ్ముతున్నారట, కొత్త కార్లకు. సీసం పొగ పిల్లలకు మంచిది కాదట. ఆయన పైకి చదివి నవ్వాడు.

"సీసం వెయ్యకపోతె ఇంజన్ టకటక కొట్టుకుంటది. గా మాత్రం తెల్వదా వీళ్లకు?"

ఆ పేపరు మీదే గిరికి మురుకులు పెట్టి షెడ్డుకు పంపాను.

డిసెంబర్ 3

చదువు ఎటూ రావడం లేదు గనక ఇక షెడ్డు పనే గట్టిగా నేర్పమన్నాను. సెలవు రోజుల్లో పొద్దున్నుంచీ అక్కడే. సైదులు పెద్ద ఉద్యోగం చేసుకుంటే చేసుకోనీ. నా కొడుకు నాలుగు వీధుల్లో పేరున్న మెకానిక్ అవుతాడు. అక్క కొడుకు స్కూటరు పాడైతే నా కొడుకు దగ్గరికే రావాలి. ఈ ముక్క తలుచుకుంటే కాస్త హాయిగా ఉంది.

డిసెంబర్ 17

పళ్లు తోముతుంటే చూశాను. గిరి చిగుళ్ల అంచున, పళ్లు మొదలయ్యే చోట, సన్నటి నీలిగీత ఉంది. పెన్ను నములుతున్నావా అని అడిగితే లేదన్నాడు. బ్రష్షుతో గట్టిగా రుద్దాను. రక్తం వచ్చింది, గీత పోలేదు.

ఇంకేమీ కాదు. బొగ్గుపొడితో తోముకుని ఉంటాడు.

జనవరి 7, 1996

అక్క కబురు పంపింది. మర్రిగూడ బళ్లో హైదరాబాద్ డాక్టర్లు వచ్చి పిల్లల పళ్లు, కాళ్లు చూస్తారట, సైదులును తీసుకుని రమ్మంది. అలాగే పోయొచ్చాం. గిరిని కూడా తీసుకుపోయాను.

ఎందుకు తీసుకుపోయానో ఇక్కడైనా రాసుకోవాలి. ఆ ఊళ్లో అడుగు పెడితే చాలు, అందరూ సైదులు గురించే. ఉప్పలమ్మ కొడుకు క్లాసు ఫస్టట, ఉప్పలమ్మ కొడుకు కలెక్టరు అవుతాడట. బడి వరండాలో పిల్లలంతా వరసగా నిలబడి నోళ్లు తెరిచి చూపిస్తున్నారు, అందరివీ గీతల పళ్లే. అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. గిరికి మొహం కడిగి, జుట్టు దువ్వి, ఆ వరసలో సైదులు వెనకాల నిలబెట్టాను. నా కొడుకు పళ్లు ఊరు ఊరంతా చూడాలని. మంచినీళ్లు తాగిన పిల్లవాడు ఎలా ఉంటాడో తెలియాలని.

"మీ వానికెందుకే, వానికేమైంది?" అంది అక్క.

"ఊకెనే, చూపిస్త" అన్నాను.

గిరి వంతు వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నవ్వుమొహం. "అబ్బో, ఈ పళ్లు ఈ ఊరివి కావే!" అంది గట్టిగా. నలుగురూ తిరిగి చూశారు. నేను అక్క వైపు చూశాను. అక్క నవ్వుతోంది, నా కొడుకు పళ్లు చూసి మురిసిపోతోంది.

తర్వాత డాక్టరమ్మ వాడి పైపెదవి ఎత్తింది. టార్చి తెమ్మంది. ఇంకో డాక్టరును పిలిచింది. నవ్వు పోయింది.

"మీ బాబేనా అమ్మా? కడుపునొప్పి ఉంటుందా? ముభావంగా, కోపంగా ఉంటాడా? వాళ్ల నాన్న ఏం పని చేస్తారు?"

చెప్పాను. బాబు ఏం పని చేస్తాడు అని అడిగింది. అదీ చెప్పాను, కాస్త గొప్పగానే చెప్పాను, ప్లగ్గు ఊదుతాడు, హెడ్డు గీకుతాడు, సైలెన్సరు కాల్చి దులుపుతాడు అని. చెబుతుంటే ఆమె కళ్లు మూసుకుంది.

"ఇంజను కొట్టుకోకుండా పెట్రోల్లో సీసం మందు కలుపుతారమ్మా. కాలాక ఆ సీసం ఎక్కడికీ పోదు. పొగలో ఉంటుంది, ఆ బూడిదలో ఉంటుంది. బాబు అది గీకుతున్నాడు, పీలుస్తున్నాడు, ఆ చేతుల్తోనే తింటున్నాడు. పిల్లల ఒంట్లోకి అది పెద్దవాళ్లకన్నా ఎక్కువ ఎక్కుతుంది, మెదడును దెబ్బతీస్తుంది. ఈ గీత దానిదే అనుకుంటున్నాను. రక్తం పరీక్ష చేయిద్దాం."

గిరి పెదవి కిందికి లాక్కుని, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

జనవరి 10

హైదరాబాద్ పోయి ముగ్గురికీ రక్తం పరీక్ష చేయించాం. గిరికి, మా ఆయనకు, సైదులుకు.

జనవరి 25

ఉంది.

జనవరి 26

నిన్న రాయలేకపోయాను. గిరి రక్తంలో సీసం చాలా ఉందట. మా ఆయనకు ఇంకా ఎక్కువ. సైదులుకు మామూలే, ఫికర్ లేదన్నారు.

సైదులు కాగితం చూడగానే నాకు మొదట వచ్చింది సంతోషం కాదు. వాడికెందుకు లేదు అనిపించింది. అదే ఇంట్లో ఉన్నాడు, అదే బువ్వ తిన్నాడు, వాడికెందుకు లేదు? రాశాను కదా, కొట్టేయను. ఉండనీ.

ఎందుకు లేదో బస్సులో తెలిసింది. షెడ్డు గడప తొక్కొద్దని వాణ్ణి వెళ్లగొట్టింది నేను. గుంత మీద, ఆ వెనక గదిలో పడుకోబెట్టింది నేను. సబ్బుతో మోచేతుల దాకా కడిగితే తప్ప అన్నం పెట్టనన్నది నేను. కుళ్లుతో నేను చేసినవన్నీ వాణ్ణి కాపాడాయి. ప్రేమతో చేసినవి నా కొడుకు రక్తంలో ఉన్నాయి.

జనవరి 28

మా ఆయన ముందు నమ్మలేదు. "పదిహేనేండ్ల సంది గీ పనే చేస్తున్న. నాకేమైంది?" అని అరిచాడు. తర్వాత షెడ్డులోకి పోయాడు, ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే, ఒక స్కూటరు అద్దం తన వైపు తిప్పుకుని, పెదవి ఎత్తి చూసుకుంటున్నాడు. ఆయన చిగుళ్ల మీద కూడా ఉంది. గిరిది దారమంత, ఆయనది తాడంత.

"జర్దా మరక అనుకున్ననే" అన్నాడు.

షెడ్డు ఇంట్లోంచి తీసేయాలన్నారు డాక్టర్లు. రైస్‌మిల్లు అవతల ఒక జాగా కిరాయికి అడుగుతున్నాడు. దొరికి, రేకులు వేసి, ఈ గదిని గోడల దాకా కడిగించేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా గిరి ఈ ఇంట్లో ఉండకూడదు. సైదులు మగ్గం గదిలోనే ఉండవచ్చట, తలుపు మూసుకుని. మందులు ఇచ్చారు, పాలు, ఆకుకూరలు పెట్టమన్నారు. పోయిన తెలివి మొత్తం వస్తుందా అని అడిగాను. డాక్టరమ్మ తిన్నగా చెప్పలేదు. "ఇంకా పోకుండా చూసుకుందాం" అంది.

ఫిబ్రవరి 1

అక్క వచ్చింది. విషయం తెలిసి మొదటి బస్సుకే వచ్చింది.

"గిరిని నా తాన ఉంచు. మా ఊళ్లె బండ్లెన్ని ఉన్నయని? పొగ లేదు, ఏం లేదు."

దేవుడు కూడా నాతో ఎకసెక్కాలాడుతున్నాడా అనిపించింది. ఇన్నేళ్లు ఎవరి మీద జాలిపడ్డానో వాళ్లింటికే నా కొడుకును పంపాలా? నోరు ఊరుకోలేదు.

"నీ బోరునీళ్లు తాపి వాని పండ్లు కూడ పాడు చేస్తవా? నీ కొడుకు సరిపోలేదా?"

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. కోపం వస్తుందనుకున్నాను, రావాలని కూడా అనుకున్నాను. తిరిగి నాలుగు మాటలు అంటే నా బరువు కొంత తగ్గేది.

"నీళ్లు నువ్వే పంపు చెల్లే. నీ నీళ్లే తాపిస్త వానికి. వంట గూడ గవే నీళ్లతోని వండుత" అంది.

ఫిబ్రవరి 4

నీళ్లు తీసుకెళ్లడానికి ఇల్లంతా వెతికితే క్యాన్లకు కరువు లేదు. మూత తీసి వాసన చూస్తే ఒక్కటీ పనికిరాదు, అన్నీ పెట్రోలువో ఆయిలువో. ఇన్నేళ్లూ వీటిల్లో రెండింటిని కడిగి స్నానాల నీళ్లకు వాడాం. కొత్త క్యాన్లు రెండు కొన్నాను, నిండింది ఇచ్చి ఖాళీది తెచ్చుకోవడానికి.

గిరిని దించి వచ్చాను. బస్సు కదులుతుంటే వాడు నన్ను చూడలేదు. అక్క కొంగు పట్టుకుని నిలబడ్డాడు.

ఫిబ్రవరి 18

నీళ్లు ఇచ్చి వచ్చాను. గిరికి కడుపునొప్పి తగ్గిందట. మగ్గం దగ్గర బావ పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. "పెద్దమ్మా, ఆకలైతాంది" అని కేకేశాడు. నేను అక్కడే కూర్చున్నాను. నన్ను అడగలేదు.

వాడికి ఆకలి అన్న మాట నేను విని ఎన్నాళ్లైంది? ఆ మాట వాడు నా ఇంట్లో అనలేదు, అక్క ఇంట్లో అన్నాడు. సంతోషించాలి. సంతోషించాను. మధ్యలో ఏదో గుచ్చుకుంది.

ఫిబ్రవరి 25

గిరి నవ్వుతున్నాడు. వాడూ, అక్క చిన్నబిడ్డ సైదమ్మా అష్టాచెమ్మా ఆడుతున్నారు. నా దగ్గర నవ్వింది ఎప్పుడో గుర్తు చేసుకుంటూ వచ్చాను, బస్సు నల్లగొండ చేరేదాకా గుర్తు రాలేదు.

నాకు కుళ్లుగా ఉంది. ఇన్నాళ్లు లేదు లేదు అని రాశాను. ఉంది. ముందు నుంచీ ఉంది.

మార్చి 3

ఈరోజు సంగతి పూర్తిగా రాయాలి.

క్యాన్ మోసుకుని వెళ్లేసరికి అక్క వాకిట్లో లేదు. గిరి, బావ మగ్గం దగ్గర ఉన్నారు. నేను క్యాన్ లోపల పెట్టి కూర్చున్నాను. సైదమ్మ వచ్చింది. నాలుగేళ్ల పిల్ల, దాని పాలపళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. నా క్యాన్ చుట్టూ ఒకసారి తిరిగింది. మూత మీద వేలు పెట్టి, నా వైపు చూసి తీసేసింది.

"దూపైతాందా బిడ్డా?" అని గ్లాసు అందుకున్నాను.

పిల్ల వెనక్కి జరిగింది. "వద్దు. గవి గిరన్న నీళ్లు" అంది. పోయి మూలనున్న కుండలో ముంచుకుని గడగడా తాగింది. బోరునీళ్లు. ఎవరో బాగా నేర్పించినట్టు, ఒక్క చుక్క కూడా అడగకుండా.

అక్క వచ్చాక నిలదీశాను. నా గొంతు పోట్లాటకు వచ్చినట్టే ఉంది.

"ఇంట్ల మంచినీళ్లు పెట్టుకోని దానికి గా నీళ్లు తాపుతున్నవా? దాని పండ్లు గూడ గట్లనే కావాల్నా?"

"గిరికి తక్కువైతయి గద" అంది, అందులో అడగడానికి ఏముందన్నట్టు. "వారం దినాలు రావాలె. వంటకు గూడ గవే."

"మరి నన్నడగవా? ఇంకో క్యాన్ తెమ్మంటె నేను తేనా?"

అక్క మగ్గం వైపు చూసింది. గిరి పిల్లకు కండె చుట్టడం చూపిస్తున్నాడు, దాని వేళ్లు పట్టుకుని.

"నా కొడుకును నీ ఇంట్ల ఉంచుకున్నవు, నీళ్లు తాపుతున్నవు, సదివిస్తున్నవు" అంది. "ఇంకెంత అడుగుత చెల్లే? అడిగేందుకు మొఖం ఉండాలె గద."

మంచినీళ్ల కోసం అక్క పంపిన కొడుకు చెంబు మీద చెంబు తాగుతుంటే లోపల్లోపల లెక్కపెట్టినదాన్ని నేను. గుంత మీద పడుకోబెట్టినదాన్ని. ఫస్టు వచ్చాడని కార్డు ముక్క రాయనిదాన్ని. ఈ మనిషి నా కొడుకు దాహం తీర్చడానికి కన్నబిడ్డను ఆ క్యాన్ ముట్టనివ్వడం లేదు. ఇది నాకు చేతనవుతుందా? నీళ్లు, చదువు, ఏవీ కాదు. ఈరోజు నేను కుళ్లుకున్నది ఆ మనసు చూసి.

గ్లాసు నింపి సైదమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని తాగించాను. అక్క "చాలు చాలు" అంటూనే ఉంది. పోయిన వారం ఖాళీ క్యాన్ తీసుకుని తిరిగి వచ్చేటప్పుడు మిర్యాలగూడ బస్టాండ్ ముందరే ఇంకో కొత్త క్యాన్ కొన్నాను.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. సైదులు తలుపు తీశాడు. చెల్లెలు ఎట్లుంది, బాపు మెడ ఎట్లుంది అని అడిగాడు. రెండు క్యాన్లూ చూసి, "రెండెందుకు చిన్నమ్మా?" అన్నాడు.

"ఒకటి గిరికి, ఒకటి మీ సైదమ్మకు" అన్నాను.

"పొద్దుగాల నల్లా రాంగనే నేనే పడుత. ఇప్పుడు కడిగి పెడత" అన్నాడు. వెంటనే క్యాన్ ముట్టుకోలేదు. ముందు పెరట్లోకి పోయి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే రెండూ చాపి నా ముందర నిలబడ్డాడు, నేను సరే అనేదాకా.